నది దాటే పులికి రెండు రాష్ట్రాలు కలిసి దారి ఇవ్వగలవా? జీవో 49 మీద చర్చ

ప్రాణహిత తీరం | 2025 ఆగస్టు 2, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను కాగజ్‌నగర్ దగ్గర ఒక బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, పులికి మహారాష్ట్ర ఎక్కడ అయిపోతుందో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నే ఈ చర్చ మొదలుపెట్టడానికి కారణం.

మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. ఒకవైపు మహారాష్ట్ర తాడోబా, మరోవైపు మన కవాల్, రెండూ పులుల అభయారణ్యాలు. మధ్యలో పులులు నడిచే దారిని కాపాడటమే దాని ఉద్దేశం. ఆదివాసీ సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి, బందులు జరిగాయి. జూలై 21న ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది, రద్దు మాత్రం చేయలేదు.

నాకు పులి కావాలి. మా ఊరి మనిషి కూడా ప్రాణంతో ఉండాలి. 2022 లెక్కల్లో మహారాష్ట్రలో 444 పులులు ఉన్నాయని తేలింది, తెలంగాణలో 21. అటు నిండిపోయిన అడవి నుంచి ఇటు వస్తున్నాయి. ఇకముందు కూడా వస్తాయి. అలాంటప్పుడు రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవలసింది ఏమిటి? మాట్లాడుకుంటున్నాయా? అడవి గురించి తెలిసినవారు, అడవిలో ఉన్నవారు చెప్పండి.

పాత బీటు | ఆగస్టు 2, రాత్రి 10:42

మాస్టారు, నేను అటవీశాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రేంజి అధికారిగా పదవీ విరమణ చేశాను. జీవో సంగతి తరువాత చెబుతాను. ముందు పిల్లవాడి ప్రశ్నకు జవాబు.

పులి ఒంటి చారలు మన వేలిముద్రల వంటివి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. బాటకు ఇరువైపులా ట్రాప్ కెమెరాలు కడతాం, రెండు పక్కల ఫొటోలు వస్తాయి. మన కెమెరాలో కొత్త పులి పడితే అది ఎక్కడిదో ఆ ఫొటో ఒక్కటే చెప్పలేదు. ఆ ఫొటోను అటువైపు వారికి పంపాలి. వారు తమ దగ్గరున్న ఫొటోలతో పోల్చి చూడాలి. "ఇది ఫలానా ఆడపులి పిల్ల, పోయిన ఏడాది నుంచి మాకు కనబడటం లేదు" అని వారు చెబితేనే మనకు దాని పుట్టుక తెలుస్తుంది. రెండు రాష్ట్రాల సహకారం అంటే మొదటి మెట్టు ఇదే. మంత్రులు చేతులు కలిపే ఫొటో దగ్గర అది మొదలు కాదు, బీటు అధికారి పంపే పులి ఫొటో దగ్గర మొదలవుతుంది.

మా రోజుల్లో ఆ ఫొటో పై అధికారికి, అక్కడి నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి నాగపూర్‌కు, మళ్లీ కిందికి చంద్రాపూర్‌కు వెళ్లేది. జవాబు వచ్చేసరికి పులి మూడు మండలాలు దాటేది. ఇప్పుడు ఫోన్లున్నాయి, సరిహద్దు సమావేశాలూ జరుగుతున్నాయి. బాగుపడింది. అయినా ఆ పరిచయాలు అధికారి బదిలీతో మళ్లీ సున్నాకు వస్తాయి.

కెరమెరి కొండ | ఆగస్టు 3, ఉదయం 7:25

నేను గోండును. మాది జోడేఘాట్‌కు దగ్గరి గూడెం. నా మాట కఠినంగా ఉంటే పెద్దలు మన్నించాలి, కానీ మెత్తగా చెప్పే విషయం కాదు ఇది.

ఆ రిజర్వుకు పెట్టిన పేరు చూడండి. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది దేనికోసం? నిజాం అటవీ సిబ్బంది వచ్చి ఇది రిజర్వు అడవి, మీ గుడిసెలు తీసేయండి, పశువులకు పన్ను కట్టండి అన్నందుకు. జల్, జంగల్, జమీన్ మావి అన్నందుకు. ఆయన పోయిన తరువాత నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే పండితుణ్ని పంపి, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమంది. అంటే ఎనభై ఏళ్ల కిందటి రాజు సైతం, ఆలస్యంగానైనా, మమ్మల్ని అడిగి తెలుసుకోవాలనుకున్నాడు. ఇప్పుడు భీం పేరుతోనే అడవికి హద్దులు గీశారు, మా గూడేనికి జీవో కాగితం వచ్చింది పత్రికలో.

పులి మీద మాకు పగ లేదు. మా పెద్దలు పులి పేరు ఎత్తరు, పెద్దాయన అంటారు. కానీ 2020లో దహెగాం, పెంచికలపేట మండలాల్లో ఒక యువకుడు, ఒక యువతి పులి వాత పడ్డారు. 2024 నవంబరులో పత్తి చేనులో పనిచేస్తున్న ఆడబిడ్డ పోయింది. వారి ఇళ్లకు వెళ్లి మీ అడవికి రెండు రాష్ట్రాలు కలిసి కొత్త హోదా ఇస్తున్నాయని చెప్పగలరా?

బల్లార్షా | ఆగస్టు 3, ఉదయం 11:03

నది అవతల నుంచి నా మాట కూడా. మా తాత కరీంనగర్ నుంచి బొగ్గు గనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ.

ఇక్కడ తాడోబా చుట్టూ ఉన్న ఊళ్లలో పులి అంటే వార్త కాదు, దినచర్య. చంద్రాపూర్ జిల్లాలో ప్రతి ఏడాదీ మనుషులు చనిపోతున్నారు. అందుకే మహారాష్ట్ర కూడా దక్షిణంగా పులులకు చోటు చేస్తోంది. 2021లో కన్హర్‌గావ్‌ను అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి నుంచి వర్ధా నది దాటితే మీ సిర్పూర్ అడవి. అంటే అటు ప్రభుత్వం తన గడప వరకు అరుగు కట్టింది, ఇటు ప్రభుత్వం మొదలుపెట్టి ఆపింది. మధ్యలో నది ఉంది. నదిని ఎవరూ ఆపలేరు, ఎండాకాలం నీరు తగ్గితే పులి నడిచే దాటుతుంది.

ఒక లెక్క చెబుతాను, కెరమెరి తమ్ముడు చెప్పిన దానికి సంబంధించినదే. పులి దాడిలో మనిషి చనిపోతే మహారాష్ట్రలో కుటుంబానికి 25 లక్షలు ఇస్తారు. తెలంగాణలో 10 లక్షలు. ఒకే పులి, ఒకే నది. అటు ఒడ్డున ప్రాణానికి ఒక వెల, ఇటు ఒడ్డున ఇంకో వెల. రెండు రాష్ట్రాలు సహకరించుకోవాలంటే మొదట ఈ అంకెను సమానం చేయాలి. అటవీ సరిహద్దు గీతలు ఆ తరువాత.

కెరమెరి కొండ | ఆగస్టు 3, ఉదయం 11:40

అన్నా, ఈ లెక్క నాకు తెలియదు. ఇది మా సంఘం సమావేశంలో చెబుతాను.

నల్లమల నడక | ఆగస్టు 3, సాయంత్రం 6:15

మీ దగ్గర రెండు అడవులను కలపాలని చూస్తున్నారు. మా దగ్గర ఒక అడవి రెండయింది.

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఐదు జిల్లాల అడవి, దేశంలోనే అతి పెద్దది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. కృష్ణకు ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు, సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన ఉన్నది పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌కు. కార్యాలయాలు, వాహనాలు, సిబ్బంది, దస్త్రాలు అన్నీ పంచుకున్నారు. చెంచులను మాత్రం ఎవరూ అడగలేదు. వారికి ఈ ఒడ్డున అత్తవారిల్లు, ఆ ఒడ్డున పుట్టినిల్లు. శ్రీశైలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో ఉన్నవారు కొందరు ఇప్పుడు మన్ననూరు సంస్థ పరిధిలోకి వచ్చారు.

అయినా రెండు రాష్ట్రాలూ కలిసి చేసిన మంచి పని ఒకటుంది. హైదరాబాదు–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపుతారు. అవతల దోర్నాల నుంచి వచ్చే ఘాట్‌లోనూ రాత్రివేళ అంతే. రెండు చివరలా ఒకే సమయానికి గేటు పడుతుంది కాబట్టే పని జరుగుతోంది. ఒక వైపు తెరిచి ఒక వైపు మూస్తే అడవి నడిబొడ్డున లారీలు నిలిచిపోతాయి. నేను చిన్నప్పుడు ఆ రోడ్డు మీద చచ్చిన దుప్పులను, కొండచిలువలను ఎన్నో చూశాను. ఇప్పుడు తెల్లవారుజామున మొదటి బస్సులో వెళ్తుంటే రోడ్డు మీద జింకలు నింపాదిగా లేచి పక్కకు వెళ్తాయి. గేటు అంత చిన్న విషయం ఎంత మార్చిందో మీరూ ఒకసారి వచ్చి చూడండి.

ఆంధ్రప్రదేశ్ పులుల లెక్క 2018లో 48, 2022లో 63. తెలంగాణలో తగ్గింది. కారణం నేను చెప్పగలిగినది కాదు, పాత బీటు గారు చెబితే వింటాను.

పాత బీటు | ఆగస్టు 3, రాత్రి 9:30

ఒక్క కారణం ఉండదు. అమ్రాబాద్‌లో పులులు నిలిచాయి. కవాల్ అలా కాదు. అక్కడికి వచ్చే పులి నడి అడవి (కోర్) కంటే కాగజ్‌నగర్ వైపు ఎక్కువగా ఉంటోంది. వచ్చిన దాన్ని కాపాడుకోలేకపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు రోజుల తేడాతో చనిపోయాయి. పశువు కళేబరం మీద విషం చల్లారని తేలింది. ఆవు పోయిన రైతు ఆ పని చేశాడంటే పరిహారం వస్తుందన్న నమ్మకం అతనికి లేదని అర్థం. పశువు పోయిన ఊరికి వారం తిరగకముందే డబ్బు చేరితే విషం డబ్బా అటక మీదే ఉంటుంది. ఇది నా ఉద్యోగం అంతా కళ్లారా చూశాను.

ఇప్పుడు జీవో సంగతి. కన్జర్వేషన్ రిజర్వు, అభయారణ్యం ఒకటి కావు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో 36ఎ సెక్షన్ వచ్చింది. ప్రభుత్వ భూమిని, ముఖ్యంగా రెండు రక్షిత ప్రాంతాలను కలిపే భూమిని, స్థానిక ప్రజలతో సంప్రదించిన తరువాత రిజర్వుగా ప్రకటించవచ్చు. అభయారణ్యంలో ఉండే హక్కుల విచారణ, భూసేకరణ సెక్షన్లు దీనికి వర్తించవు. అంటే ఈ సెక్షన్ కింద ఊళ్లను ఖాళీ చేయించలేరు. వర్తించేవి నిప్పు పెట్టకూడదు, విషం, పేలుడు పదార్థాలు వాడకూడదు వంటివి. ఈ తేడా ఎవరూ జనానికి చెప్పలేదు. చెప్పకపోవడం మా శాఖ తప్పే.

కెరమెరి కొండ | ఆగస్టు 4, ఉదయం 6:50

పాత బీటు గారు, మీరు నిజాయితీగా చెప్పారు, దండాలు. కానీ మీరు చిన్నవి అనుకున్న రెండు విషయాలు మాకు చాలా పెద్దవి.

ఒకటి, నిప్పు. ఇప్పపువ్వు రాలే కాలంలో చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేస్తాం. లేకపోతే పువ్వు ఆకుల్లో కలిసి కనబడదు. తెల్లవారకముందే మా అమ్మ బుట్టతో వెళ్తుంది. ఆ నిప్పు అడవిని తగలబెట్టే నిప్పు కాదు, చెట్టు నీడంత నిప్పు. దాని మీద కేసు పెట్టవచ్చని ఆ సెక్షన్ చెబితే మా ఇంటికి ఏడాది సగం ఆదాయం పోయినట్టే.

రెండు, ప్రభుత్వ భూమి అన్నారు. 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ మా ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. మా నాన్నకూ రెండెకరాల మీద పట్టా వచ్చింది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అది. సాగు హక్కు మాది, కాగితాల్లో భూమి ఇంకా అడవే, ప్రభుత్వానిదే. అంటే మా చేను రిజర్వు గీత లోపల ఉంటుందా, బయట ఉంటుందా? దరఖాస్తు పెట్టి ఇంకా పట్టా రానివారి సంగతి ఏమిటి? దీనికి సమాధానం చెప్పకుండా "ఊళ్లు ఖాళీ చేయించరు" అంటే ఎవరు నమ్ముతారు? కవాల్ లోపల రాంపూర్, మైసంపేట వారిని బయటికి తరలించారు. వారు ఒప్పుకునే వచ్చారని అంటారు. ఆ చట్టం వేరు, ఈ చట్టం వేరు అని మీకు తెలుసు. మా గూడెంలో అందరికీ గుర్తున్నది మాత్రం మైసంపేటే.

ప్రాణహిత తీరం | ఆగస్టు 4, ఉదయం 8:20

పోడు పట్టా ప్రశ్న నాకు ఇంతవరకు తట్టలేదు. పాత బీటు గారూ, దీనికి సూటిగా జవాబు ఉందా?

పాత బీటు | ఆగస్టు 4, మధ్యాహ్నం 1:15

ఉంది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన హక్కును కన్జర్వేషన్ రిజర్వు ప్రకటన తొలగించలేదు. అయినా ఆ మాట జీవోలోనే అక్షరాలతో రాసి ఉండాలి. పట్టా భూములు, దరఖాస్తులో ఉన్న భూములు సర్వే నంబర్లతో సహా గీతకు బయట చూపించాలి. ఇప్పపువ్వు, తునికాకు సేకరణకు అడ్డు ఉండదని రాయాలి. చెట్టు కింది నిప్పుకు ఏ నెలలో, ఎంత జాగా, ఎవరు కాపలా అన్నది ఊరితో కూర్చుని రాసుకోవచ్చు. కెరమెరి బాబు అన్నది నిజం. నేను చిన్నవి అన్నవి చిన్నవి కావు.

కసానె నుంచి | ఆగస్టు 4, సాయంత్రం 5:48

చాలా దూరం నుంచి రాస్తున్నాను. బోట్స్‌వానాలోని కసానెలో పదకొండేళ్లుగా లెక్కల టీచరుగా ఉన్నాను. మాది ఖమ్మం. ఇక్కడ రాత్రి పూట ఏనుగులు మా వీధిలో నడుస్తాయి కాబట్టి ఈ చర్చ నాకు దగ్గరిదే.

ఈ ఊళ్లోనే కావాంగో–జాంబెజి సంరక్షణ ప్రాంతం సచివాలయం ఉంది. అంగోలా, బోట్స్‌వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే అనే ఐదు దేశాలు కలిసి ఏర్పాటు చేసిన ప్రాంతం. 2006లో అవగాహన పత్రం, 2011 ఆగస్టు 18న ఒప్పందం. 5 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా దానిలో సగం కొంచెం దాటుతాయి. 2022లో ఐదు దేశాలూ ఒకే కాలంలో విమానాల నుంచి ఏనుగులను లెక్కించాయి. 2,27,900 అని తేలింది. అంతకుముందు ఎవరికి వారే లెక్కించినప్పుడు సరిహద్దు దాటిన ఏనుగును రెండుసార్లు లెక్కించారా, వదిలేశారా తెలిసేది కాదు.

మీకు ఉపయోగపడే విషయం ఇది. ఆ ప్రాంతమంతా పార్కు కాదు. లోపల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, లక్షలమంది జనం ఉన్నారు. ఏ దేశం చట్టం ఆ దేశానిదే. జంతువులు ఎక్కువగా తిరిగే ఆరు దారులను గుర్తించి, ముందు వాటి మీద పని పెట్టుకున్నారు. మా ఊరికి ఎదురుగా చోబె నది దాటితే నమీబియా. ఆ ఒడ్డున ఊరివారే ఒక సంఘంగా ఏర్పడి అడవిని చూసుకుంటారు. 1996లో నమీబియా చేసిన చట్టంతో ఆ హక్కు వచ్చింది. పర్యాటకుల నుంచి వచ్చే డబ్బు ఆ సంఘానికి చేరుతుంది. ఇక్కడి నుంచి సాయంత్రం ఏనుగులు ఈదుకుంటూ అటు వెళ్లి మేసి వస్తాయి. ఊరివారు వాటిని తరమరు, వాటితో వారికి పని ఉంది కాబట్టి.

కానీ అన్నీ బాగున్నాయని అనను. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో సరిహద్దుల్లో పొడవైన కంచెలు వేశారు, ఇప్పటికీ చాలాచోట్ల తీయలేదు. ఒప్పందం మీద ఐదుగురు అధ్యక్షులు సంతకం పెట్టారు, కంచె మాత్రం పశువైద్య శాఖ చేతిలో ఉంది. అటవీశాఖల మధ్య ఎంత స్నేహం ఉన్నా మిగతా శాఖలు కలిసిరాకపోతే జంతువు కంచె దగ్గరే ఆగిపోతుంది.

బల్లార్షా | ఆగస్టు 4, రాత్రి 8:05

ఈ చివరి మాట మాకు అచ్చంగా సరిపోతుంది. మంచిర్యాల–చంద్రాపూర్ జాతీయ రహదారి విస్తరణ, కాజీపేట–బల్లార్షా మూడో రైలు మార్గం, రెండూ ఈ పులుల దారినే అడ్డంగా కోస్తాయి. వాటికి యజమానులు వేరే శాఖలు. నాగపూర్ దగ్గర పెంచ్ అడవిలో 44వ జాతీయ రహదారి కింద జంతువులు నడవడానికి దారులు కట్టారు. ఊరికే కట్టలేదు, కోర్టులో కొట్లాడితే కట్టారు. ఇప్పుడు పులులు వాటి కింద నడుస్తున్న ఫొటోలు ఉన్నాయి. ఇక్కడా అలాంటివి అడగాలంటే రెండు రాష్ట్రాలూ ఒకే కాగితం మీద అడగాలి.

ఇంకో విషయం. మా పక్క గడ్చిరోలిలో మెండా-లేఖా అనే ఊరికి 2009లో దేశంలోనే మొదటగా సామూహిక అటవీ హక్కు వచ్చింది. ఆ తరువాత జిల్లాలో వందల ఊళ్లకు వచ్చింది. వెదురు, తునికాకు ఊరే అమ్ముకుంటుంది. ప్రాణహిత ఇవతల ఉన్న మీ గోండు ఊళ్లకు విడి విడి పోడు పట్టాలు వచ్చాయి కానీ ఊరంతటికీ అడవి హక్కు ఎన్నింటికి వచ్చింది? రెండు రాష్ట్రాలు పులి ఫొటోలు ఇచ్చిపుచ్చుకుంటున్నట్టే దీన్నీ నేర్చుకోవచ్చు కదా.

కౌండిన్య రైతు | ఆగస్టు 5, ఉదయం 5:55

పలమనేరు నుంచి. మా దగ్గర పులి లేదు, ఏనుగు ఉంది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు మా అడవికి వచ్చి నిలిచిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం చేశారు. అప్పటి నుంచి నా చెరకు, నా మామిడి, నా నిద్ర వాటి దయ మీద ఉన్నాయి. మూడు రాష్ట్రాల కూడలి మాది. కర్ణాటక వారు తరిమితే మా చేను మీద పడతాయి, మేం తరిమితే తమిళనాడులో పడతాయి. ఇన్నేళ్లూ సహకారం అంటే ఒకరి మీదికి ఒకరు తోలడమే.

2024 సెప్టెంబరులో ఆంధ్ర, కర్ణాటక ఒప్పందం చేసుకున్నాయి. 2025 మే 21న బెంగళూరులో కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందినవాటిని, మనకు అప్పగించారు. మా దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు, మావటీలకు శిక్షణ ఇచ్చారు. నేను వెళ్లి చూశాను, మనసుకు ధైర్యం కలిగింది. అయితే నలభై ఏళ్లు పట్టింది. మీ జిల్లాకు నలభై ఏళ్లు పట్టకూడదు, అందుకే రాస్తున్నాను.

నల్లమల నడక | ఆగస్టు 5, ఉదయం 10:30

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో దాదాపు అన్ని దేశాలూ 2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతం రక్షణలోకి తేవాలని ఒప్పుకున్నాయి. ఆ లక్ష్యంలోనే ఆదివాసుల హక్కులను గౌరవించాలని కూడా రాశారు. నా భయం ఏమిటంటే, అంకె మాత్రం ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వస్తుంది, రెండో వాక్యం దారిలో రాలిపోతుంది. 1,492 చదరపు కిలోమీటర్లు అని ఒక్కసారిగా ప్రకటించే బదులు, పులి నిజంగా నడిచే సన్నని దారిని మొదట తీసుకుని, ఆ ఊళ్లు ఒప్పుకున్న మేరకు పెంచుకుంటూ పోతే తప్పేమిటి?

పాత బీటు | ఆగస్టు 5, మధ్యాహ్నం 12:48

తప్పు లేదు. ఇంకో సెక్షన్ చెప్పి ఊరుకుంటాను, ఇది అందరూ దాచుకోవలసినది. 36బి. కన్జర్వేషన్ రిజర్వుకు ఒక నిర్వహణ కమిటీ ఉండాలి. అందులో రిజర్వు పరిధిలోకి వచ్చే ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉండాలి. వన్యప్రాణి సంస్థల నుంచి ముగ్గురు, వ్యవసాయ శాఖ, పశుసంవర్ధక శాఖల నుంచి ఒక్కొక్కరు, అటవీశాఖ ప్రతినిధి. ఊళ్లు ఎక్కువ కాబట్టి కమిటీలో ఎక్కువమంది ఊరివారే ఉంటారు. సలహా ఇచ్చే కమిటీయే, అయినా గదిలో కూర్చునే హక్కు చట్టమే ఇచ్చింది.

కెరమెరి కొండ | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:10

మా పంచాయతీలకు 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేరు. పదవీకాలం అయిపోయింది, ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారులు నడుపుతున్నారు. మే 30న జీవో వచ్చినప్పుడు పంచాయతీ తరఫున సంప్రదించడానికి మనిషే లేడు. ఆ కమిటీ ఇప్పుడు వేస్తే మా కుర్చీలో కూర్చునేది ప్రభుత్వ ఉద్యోగి.

కానీ గ్రామసభ ఉంది. ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం కింద మా ఊరి పెద్దవాళ్లందరూ కలిస్తే గ్రామసభే, దానికి సర్పంచి కోసం ఆగనవసరం లేదు. పాత బీటు గారు, 36ఎ, 36బి రెండూ తేలిక మాటల్లో రాసి పంపగలరా? నేను గోండీలోకి మార్చి చదివి వినిపిస్తాను. వద్దు అంటారో, మార్చి తెమ్మంటారో వారు చెబుతారు. చెప్పింది ఇక్కడ రాస్తాను.

పాత బీటు | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:36

ఈ రాత్రికే రాస్తాను బాబూ. పిలిస్తే స్వయంగా వస్తాను, యూనిఫాం లేకుండా, ఎవరి తరఫునా కాకుండా. మీవారు అడిగే ప్రశ్నలకు నిలబడి జవాబు చెబుతాను.

బల్లార్షా | ఆగస్టు 5, సాయంత్రం 4:20

గడ్చిరోలి నుంచి సామూహిక హక్కు ఉన్న ఊరి మనిషి ఒకరిని తీసుకురాగలను. ఆయనకు గోండీ వచ్చు. నది దాటి వస్తాం, తేదీ చెప్పండి.

కెరమెరి కొండ | ఆగస్టు 5, రాత్రి 9:02

ఇప్పుడు కలుపు పని మీద అందరూ చేలల్లో ఉన్నారు. పొలాల పండుగ అయ్యాక వచ్చే పౌర్ణమికి ముందు ఆదివారం అనుకుంటున్నాం. వాగు తగ్గితే జీపు గూడెం దాకా వస్తుంది, లేకపోతే చివరి రెండు కిలోమీటర్లు నడవాలి. వచ్చేవారు పొద్దుగూకక ముందే తిరిగి వెళ్లేలా రండి. వాగు అవతల మళ్లీ అడుగులు కనబడ్డాయి.